రెండుతలల పాము: దాని యునికిపట్టులును, దానిని గూర్చిన పొరపాట్లును

తెలుగునేలయందలి మెట్టభూములలోను ఇసుకనేలలలోను నివసించు పాములలో రెండుతలల పామని జనులు పిలుచునది యొకటి కలదు. ఇరుతలపామనియు, పూడుపామనియుకూడ దీనికి పేర్లు కలవు. దీనికి రెండు తలలు లేవు. విషము లేదు, విషపుకోఱలును లేవు. మనుష్యునికి గాని పశువునకు గాని దీనివలన ప్రాణభయము కలుగదు. ఇట్టి సాధుజంతువును గూర్చి పురపాలక సంఘముల యుద్యోగులును, తహశీలు కచేరీలవారును, ఆరోగ్యకేంద్రముల సిబ్బందియు శ్రమపడి తెలిసికొనవలసిన దేమున్నదని యడుగవచ్చును. కలదు. దీని జ్ఞాతియగు మఱియొక సాధుసర్పము చూపునకు రక్తపింజరిని మిక్కిలి పోలియుండును. రక్తపింజరియు ఆ చేలగట్లమీదనే తిరుగుచుండును. సాధుసర్పమును పింజరి యనుకొని చంపినచో ఒక జంతువు నశించును. పింజరిని సాధుసర్పమనుకొని చేతబట్టినచో మనుష్యుడు నశించును.

ముందుగా రెండుతలల పాము రూపమును చెప్పవలయును. ఎదిగిన పాము సాధారణముగా రెండు మొదలు మూడడుగుల పొడవుండును. అంతకు మించి పెరుగుటయు కద్దు. దేహము మొదటినుండి చివరవఱకు రమారమి ఒకే లావుగా, రోకలివలె గుండ్రముగా నుండును. మెడ వేఱుగా కానరాదు. ముట్టె పలుగుమొనవలె అణగియుండును. ఆ మొనతో నది వదులుమన్నును త్రోసికొని లోపలికి పోవును. కన్నులు మిక్కిలి చిన్నవి, కనుపాప నిలువుచీలిక. పొలుసులు చిన్నవి, నున్ననివి. వన్నె ఎఱ్ఱమట్టిరంగు మొదలు ముదురు గోధుమరంగు వఱకు నుండును. దేహముపై మచ్చలు గాని గొలుసులవంటి గీతలు గాని యుండవు. పిల్లలకు మాత్రము తోకమీదను దేహపు వెనుకభాగమునను నల్లని పట్టెలుండి, ఎదిగినకొలది మాసిపోవును.

ఈ పామునకు పేరు తెచ్చినది తోక. ఇతర సర్పముల తోక సన్నగిలి మొనదేలును. దీని తోక పొట్టిగా, మొద్దుగా, చివర గుండ్రమై, తలయంత లావుగా నుండును. అపాయము కలిగినపుడు పాము తలను చుట్టలక్రింద దాచికొని తోకను పైకెత్తి మెల్లగా కదలించును. శత్రువు తోకనే తలయనుకొని దెబ్బతీయును. తల సురక్షితముగా నుండును. అందుచేత ఎదిగిన పాముల తోకలమీద పాతగాయపు మచ్చలు తఱచుగా కనబడును. ఆ మచ్చలనే కన్నులుగాను నోరుగాను భావించువారు కలరు. పామునాడించి బ్రదుకువారిలో కొందఱు తోకపై గాట్లుపెట్టి రెండవతలను తామే తయారుచేయుటయు పూర్వమునుండి యున్నదే. ఆఱునెలలు ఒక తలయు ఆఱునెలలు రెండవ తలయు పనిచేయునని చెప్పుమాట ఇట్టి ప్రదర్శనములవలన బలపడియుండును. దేహమును కోసి చూచినవారికి ఒకే మెదడును, ఒకే నోరును కనబడుచున్నవి. తోకలోపల తోక యెముకలు తప్ప మఱేమియు లేవు.

దీని నడవడి మందము. పగలు మట్టిలోనో ఎలుకబొరియలోనో దాగియుండి, ప్రొద్దుగ్రుంకినపిదప ఆహారమునకై బయలుదేరును. కొన్ని సమయములందు ముట్టెకొనయు కన్నులును మాత్రము పైకి తోచునట్లు ఇసుకలో కూరుకొని పొంచియుండును. ఎలుకలు, చుంచులు, పొలపు మూషికములు దీని ముఖ్యాహారము. కొండచిలువవలెనే దేహముతో చుట్టి బిగించి చంపి మ్రింగును. రెండును దూరపు చుట్టములే. గ్రుడ్లు పెట్టదు, పిల్లలనే కనును. సాధారణముగా ఒక ఈతకు ఆఱు మొదలు ఎనిమిది పిల్లలు కలుగును. మనుష్యుడు చేతబట్టినను ఈ జాతి కఱచుట అరుదు. చుట్టుకొని తల దాచికొనుటకే యత్నించును. ఈ సాధుత్వమే దానికి చేటు తెచ్చిన సంగతి ముందు చెప్పబడును.

ఉనికిపట్టులు

ఈ పాము పొడినేలల జంతువు. ఇరాను, ఆఫ్ఘనిస్థానము, పాకిస్తాను దేశములనుండి రాజస్థానమునందలి థారు ఎడారి మీదుగా దక్కను పీఠభూమి యంతటను, దక్షిణమున తమిళదేశము వఱకును వ్యాపించియున్నది. ఎడారి లేని తెలుగుదేశమున దీనికి చోటెట్లు దొరకెనని సందేహము కలుగవచ్చును. పామునకు కావలసినది ఎడారి యను పేరు కాదు. త్రవ్వుటకు వదులైన మన్ను, నీరు నిలువని నేల, తినుటకు ఎలుకలు, ఇవి యున్నచోటనెల్ల అది బ్రదుకును.

రాయలసీమయందలి ఎఱ్ఱయిసుకనేలలు ఇట్టివే. అనంతపురము సీమకు సంవత్సరమునకు సగటున పడు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైరుతి ఋతుపవనము పడమటి కనుమలపై తన నీటిని విడిచి వచ్చుటచేతను, ఈశాన్య ఋతుపవనము తీరమునుండి ఇంతదూరము వచ్చునప్పటికి బలహీనమగుటచేతను, ఈ సీమ రెండింటికిని దూరమైనది. ఆ జిల్లాలోనే హగరి యనబడు వేదవతీనది యొడ్డున, బొమ్మనహాళు కణేకల్లు ప్రాంతములందు, ఏటియిసుక గాలికి లేచి తిన్నెలుగా పేరుకొని పొలములను కప్పివేయుచున్నది. తెలుగుదేశమున ఎడారి యనదగినది ఏదియని యడిగినచో ఆ యిసుకతిన్నెలనే చూపవలయును. వేరుసెనగ పండించు మెట్టచేలు, రాళ్లగట్లు, చీమలపుట్టలు, కంచెమొదళ్లు, ఇట్టి తావులు రెండుతలల పాము దాగుటకు తగినవి. తెలంగాణమున పాలమూరు మున్నగు సీమలందలి చెలకనేలలును ఇట్టివే. నీరుపాఱు మాగాణులందును దట్టమైన తడియడవులందును ఇది సాధారణముగా కనబడదు.

తెలుగువారు కాపురముండు పొరుగు రాష్ట్రములందును ఈ జంతువును గూర్చిన మాట వినబడుచునే యుండును. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునందలి భిలాయి ఉక్కుపట్టణము, 1955వ సంవత్సరమున సోవియట్ ప్రభుత్వముతో జరిగిన ఒడంబడిక ననుసరించి, పల్లెపొలములును మొరపనేలలును ఉండిన తావున నిర్మింపబడినది. అచ్చటి మొదటి కొలిమి 1959వ సంవత్సరము ఫిబ్రవరి 4వ తేదిన ప్రారంభింపబడెను. ఉద్యోగార్థమై వెళ్లిన తెలుగు కుటుంబము లనేకము ఆ పట్టణమున స్థిరపడినవి. కర్మాగారమునకు నీరిచ్చు చెఱువుగల మరోదా ప్రక్కను గాని, ఇతర పేటలందు గాని, తెలుగిల్లాలు రెండుతలల పామన్నదానినే హిందీ మాటలాడు పొరుగామె దోముహా యనును. భాష మాఱినను పొరపాటు మాఱలేదు. ఇట్టి క్రొత్తపట్టణములందు ఇండ్లును పొలములును ఒకదానినొకటి ఆనుకొనియుండును. చెత్తకుప్పలకు ఎలుకలును, ఎలుకలకై పాములును వచ్చును. అట్లు వచ్చు పాములన్నియు సాధువులు కావు. నేలపై పండుకొనువారిని నిద్రలోనే కఱచు కట్లపాము ఆ ప్రాంతమునందును కలదు. దాని కాటునకు వాపుండదు, నొప్పి స్వల్పము, గాటు కంటికి ఆనకపోవుటయు కలదు. తెల్లవాఱుజామున కడుపునొప్పితోను, ఱెప్పలు వాలుటతోను లేచినవానికి అజీర్ణమని మందిచ్చి పంపిన యెడల కొన్నిగంటలలో ఊపిరి నిలిచిపోవును.

రస్సెల్ వైద్యుడును తెలుగు పేర్లును

ఈ పామునకు శాస్త్రనామము కలిగిన వృత్తాంతము తెలుగుదేశముతో ముడివడియున్నది. పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు సిరియాదేశమునందలి అలెప్పో నగరమున చాలకాలము వైద్యముచేసి, 1781వ సంవత్సరమున సోదరునితో విశాఖపట్టణమునకు వచ్చెను. 1785లో ఈస్టిండియా కంపెనీవారు ఆయనను కర్ణాటక ప్రాంతపు ప్రకృతిశాస్త్రజ్ఞునిగా నియమించిరి. పాముకాటుచే జనులు చచ్చుట చూచి, ఏ పాము విషముగలది, ఏది కాదు, దానిని సామాన్యుడు గుర్తించుట యెట్లు అను ప్రశ్నలను ఆయన చేపట్టెను. పాములను పట్టించి తెప్పించి, కోళ్లమీదను కుక్కలమీదను వాని కాటును పరీక్షించెను. అప్పట మిక్కిలి ప్రసిద్ధి వహించిన తంజావూరు మాత్రలనుకూడ పరీక్షకు పెట్టెను. కోరమాండలు తీరపు సర్పములను గూర్చి ఆయన వ్రాసిన గొప్ప సచిత్రగ్రంథము మొదటి సంపుటము 1796లో లండనునందు వెలువడెను.

ఆ గ్రంథమున పాముల పేర్లు అనేకము ప్రజలు వాడినట్లే ఎక్కింపబడినవి. రక్తపింజరిని కాటుకరేకులపొడ యనియు, కట్లపాముజాతి నొకదానిని బంగారుపామనియు ఆయన తెలుగు వినికిడి ననుసరించి వ్రాసికొనెను. ఆ బంగారు శబ్దమునుండియే కట్లపాముల ప్రజాతికి బంగారస్ అను శాస్త్రనామము ఏర్పడి, నేటికిని లోకమంతట ఏ భాషలోని శాస్త్రగ్రంథము తెఱచినను అట్లే కనబడుచున్నది. 1801లో రస్సెల్ ఈ రెండుతలల పామును వర్ణించి, తరంగంబాడియందుండిన క్రిష్టఫర్ సామ్యుయల్ జాన్ అను మిషనరీ పేరు దానికి పెట్టెను. ఎరిక్స్ జానియై యను నేటి నామమున ఆ మిషనరీ పేరే నిలిచియున్నది. రస్సెల్ పేరు మాత్రము లోకమున స్థిరపడినది సాధుసర్పమునకు కాదు. రక్తపింజరిని ఇంగ్లీషువారు రస్సెల్ పింజరి యనియే పిలుచుచున్నారు.

పాములలో నధికసంఖ్యాకములు విషములేనివి. కావున విషములేని పాము కఱచినవాడు మంత్రము వేసినను, పసరు పోసినను, ఏమియు చేయకున్నను బ్రదుకును. బ్రదికినవాడు మంత్రమునే పొగడును. విషముగల పాము కఱచినవాడు చచ్చినచో వాని ఆయువు తీఱినదందురు. పాముమంత్రగాని కీర్తి యంతయు ఇట్లు సాధుసర్పములు సంపాదించిపెట్టినది. ఈ లెక్క తెలియక నాటువైద్యుని పేరు విని రోగిని అచ్చటికి త్రిప్పుటచే పోవుచున్న గంటలే నేటికిని పల్లెలయందు మరణమునకు గొప్ప కారణము.

పింజరిని పోలిన సాధుసర్పము

రెండుతలల పామునకు దగ్గఱి జ్ఞాతి గరుకుపొలుసుల జాతి. ఇదియు విషరహితమే, ఇదియు వదులుమన్నున నుండునదే. సాధారణముగా రెండడుగులకు మించదు. కాని దీని నడవడియు వేషమును వేఱు. దేహము పసుపుఛాయగల బూడిదరంగుగా నుండి, దానిపై ముదురు గోధుమవన్నె మచ్చలు వంకరటింకరగా ఒకదానితో నొకటి కలిసి యుండును. పొలుసులకు, ముఖ్యముగా తోకవైపున, కాయతొక్కువలె గరుకుదనము కలదు. కదిలించిన యెడల చటుక్కున తిరిగి కఱచును. దీనిని చూచి రక్తపింజరి యని భ్రమించుట సహజము. విపరీతముగా, రక్తపింజరిని చూచి ఈ సాధుసర్పమనియో కొండచిలువ పిల్లయనియో భ్రమించి చేతబట్టుట అంతకంటె సులభము, ఎక్కువ అపాయకరమును.

భేదము లివి. రక్తపింజరి తల వెడల్పై త్రికోణముగా నుండి మెడనుండి స్పష్టముగా విడివడియుండును. సాధుసర్పమునకు మెడ దాదాపు కనబడదు. పింజరి వీపున మూడు వరుసలుగా, అంచు నలుపుగల అండాకారపు మచ్చలు గొలుసుకట్టు వలె క్రమముగా నుండును. సాధుసర్పపు మచ్చలకు క్రమము లేదు. పింజరి కన్ను పెద్దది. ముక్కుపుటములు మిక్కిలి పెద్దవి. పింజరి చుట్టచుట్టుకొని, కుక్కరు విజిలుతో పోల్చదగినంత బిగ్గఱగా బుసకొట్టును. సాధుసర్పపు తోక మిక్కిలి పొట్టి. చచ్చిన పామును పరీక్షించు వైద్యునికి ఇంకొక గుఱుతు కలదు: పింజరి పొట్టక్రింది పొలుసులు పొట్ట వెడల్పంతయు ఆవరించును, సాధుసర్పమునందు అవి యిఱుకై ప్రక్కలకు చాలవు. చచ్చిన పామునైనను వట్టిచేతులతో తాకరాదు. తెగిన తలయు కొంతసేపటివఱకు కఱవగలదు.

అదే పొడినేలలందు చిన్నపింజరియు నుండును. అది రెండడుగుల కంటె పొట్టి. రాళ్లక్రిందను కంపలలోను దాగి, ప్రక్కల ఱంపపుపొలుసులను ఒకదానితో నొకటి రాచి చరచర శబ్దము చేయును. పరిమాణము చూచి అలక్ష్యము చేయరాదు.

ఇన్ని గుఱుతులు చెప్పిన పిమ్మట ఒక హెచ్చరిక యవసరము. ఈ గుఱుతులు దూరమునుండి చూచి సంశయము తీర్చుకొనుటకే గాని, దగ్గఱకు పోయి తేల్చుకొనుటకు కావు. దీపపు వెలుతురున గడ్డిలో కదలుచున్న పాము మచ్చలకు క్రమము కలదో లేదో లెక్కించుట ఎవ్వరివలనను కాదు. సంశయమున్న ప్రతిపామును విషముగలదానిగనే యెంచి దూరముగా నుండవలయును.

కాటు తగిలినపుడు

భారతదేశమున 2000 మొదలు 2019 వఱకు పాముకాటుచే చచ్చినవారు సుమారు 12 లక్షలని, అనగా సంవత్సరమునకు సగటున 58,000 మంది యని, 2020లో ప్రకటింపబడిన పరిశోధన అంచనా వేసినది. వారిలో సగముమంది జూను మొదలు సెప్టెంబరు వఱకుగల వానకాలముననే చచ్చిరి. నూటికి 70 మరణములు ఎనిమిది రాష్ట్రములందు కలిగినవి. తెలంగాణముతోకూడిన ఆంధ్రప్రదేశము ఆ యెనిమిదింటిలో నొకటి. ప్రపంచారోగ్యసంస్థ 2017లో పాముకాటును ఉపేక్షింపబడిన ఉష్ణదేశవ్యాధులలో చేర్చినది. 2030 నాటికి మరణములను సగమునకు తగ్గింపవలయునని భారతప్రభుత్వము 2024వ సంవత్సరము మార్చి నెలలో జాతీయ కార్యప్రణాళికను ప్రకటించినది.

కాటు తగిలినవానిని కదలనీయక, ధైర్యముచెప్పి, కఱచిన కాలునో చేతినో బద్దకట్టి కదలకుండచేసి, ఉంగరములు కడియములు తీసివేసి, వాహనముపై వైద్యశాలకు చేర్చవలయును. త్రాడుతో గట్టిగా బిగించుట, గాటుపెట్టుట, నోటితో పీల్చుట, మంచుగడ్డ పెట్టుట, ఇవన్నియు హానికరములు. విషములేని పాము కఱచినవాడు గూడ బిగింపుకట్టు మూలమున కాలు కుళ్లి పోగొట్టుకొనగలడు. పామును వెదకి చంపి తేవలసినదని బంధువులను పురికొల్పరాదు. చికిత్స పామును బట్టి కాక, రోగియందు కనబడు లక్షణములను బట్టి జరుగును. వెదకబోయినవాడు రెండవ రోగి యగుట కలదు.

విషహర సీరము గుఱ్ఱపు రక్తమునుండి చేయబడునది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి యను నాలుగింటి విషమునకు ఒకే సీరము పనిచేయును. దీనికి కావలసిన విషమున అధికభాగమును, 1978లో ఏర్పడి మద్రాసు సమీపమున వడనెమ్మేలియందు పనిచేయు ఇరుల పాములపట్టువారి సహకారసంఘము సమకూర్చుచు వచ్చినది. ఈ మందు ప్రాణదాయకమే గాని నిరపాయకరము కాదు. కొందఱికి దీనివలన ఒడలు దద్దురులెక్కి, రక్తపుపోటు పడిపోయి, ఊపిరాడక ప్రాణాపాయము కలుగును. కావున సాధుసర్పము కఱచినవానికి, విషలక్షణము లేనపుడు, బంధువుల ఒత్తిడికి లోబడి దీనిని ఎక్కించుట తప్పు. లక్షణములు కనబడినపుడు, ఏ పామో తెలియదని ఆలసించుట అంతకంటె తప్పు.

పింజరివిషము కలదో లేదో తెలిసికొనుటకు చిన్న ఆరోగ్యకేంద్రమునగూడ చేయదగిన పరీక్ష యొకటి కలదు. రోగి సిరనుండి రెండు మిల్లీలీటర్ల రక్తము తీసి, శుభ్రమై పొడిగానున్న క్రొత్త గాజుగొట్టమున పోసి, ఇరువది నిముషములు కదలింపక యుంచవలయును. పిదప వంచి చూచినపుడు గడ్డకట్టక నీరుగనే యున్నచో పింజరివిషము ఎక్కినదని నిశ్చయింపవచ్చును. గొట్టము ప్లాస్టికుది కారాదు. సబ్బుపొడితో కడిగినదియు కారాదు. సబ్బు మిగిలినచో మంచిరక్తమును గడ్డకట్టదు. లక్షలు వెచ్చించి సీరమును నిలువచేసిన వైద్యశాలయందు కొన్ని రూపాయల గాజుగొట్టములు లేకపోవుట చిత్రము. కొనుగోలు పట్టికలు తయారుచేయువారు ఈ యంశమును గమనింపవలయును. నాగుపాము కట్లపాముల విషమును ఈ పరీక్ష పట్టజాలదు. వానికి ఱెప్పలు వాలుట, మాట ముద్దయగుట, మ్రింగలేకపోవుట మున్నగు లక్షణములే ప్రమాణము. ఏ లక్షణమును లేనివానిని గూడ ఒక పగలు ఒక రాత్రి వైద్యశాలయందే యుంచి చూడవలయును. రెండుతలల పామే కఱచెనని రోగి ప్రమాణము చేసినను ఈ నియమమునకు మినహాయింపు లేదు.

నాకుటయును, కుష్ఠమును

రెండుతలల పాము నాకిన యెడల కుష్ఠము గాని బొల్లి గాని కలుగునని దక్షిణదేశమున పలుతావుల నమ్ముచున్నారు. కుష్ఠము ఒక సూక్ష్మజీవివలన కలుగు రోగము. నార్వేదేశపు హాన్సెన్ వైద్యుడు 1873లోనే దానిని కనుగొనెను. చిరకాలము దగ్గఱగా మెలగినవారికి, మందు వాడని రోగినుండి అది సంక్రమించును. పాములకు దానితో సంబంధము లేదు. బొల్లి అంటురోగమే కాదు. ఈ నమ్మకము వట్టి ముచ్చటగా వదలదగినది కాదు. చర్మముపై స్పర్శలేని మచ్చ కనబడినవాడు పామునకు దోషపరిహారము చేయుచు నెలలు గడపును. ఆ నెలలలోనే నరములు చెడి వ్రేళ్లు వంకరపోవును. ఆరోగ్యకార్యకర్తలు మచ్చలను వెదకునపుడు ఈ మాటను ప్రత్యేకించి ప్రస్తావించుట మంచిది.

దీనికి పూర్తిగా ఎదురైన నమ్మకము పట్టణములందు పెరిగినది. ఈ పాము ఇంటనున్నచో ధనము వచ్చుననియు, దీని మాంసము దీర్ఘరోగములను కుదుర్చుననియు చెప్పి, తూకమును బట్టి లక్షలకు, కోట్లకు బేరమాడువారు బయలుదేరిరి. పల్లెలో రోగకారణమని చంపబడు జంతువే పట్టణములో సర్వరోగనివారిణియై అమ్ముడుపోవుట వింతగా తోచును. 2016 మొదలు 2021 వఱకు వార్తాపత్రికలలో వచ్చిన ఇట్టి ఉదంతములను పోగుచేసిన పరిశోధకులు 18 రాష్ట్రములందు 172 ఘటనలను లెక్కించిరి. మహారాష్ట్రమున అవి అన్నిటికంటె నెక్కువ. ఈ బేరములలో కొన్నవాడు మోసపోవుటయే సాధారణము. ధనము రాదు, 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి పట్టినవాడును, అమ్మినవాడును, కొన్నవాడును శిక్షకు పాత్రులగుదురు. ఇసుకనేలలందు ఈ పామునకై చేలగట్లు త్రవ్వి చేతులతో వెదకువారు అదే గట్టులోని పింజరి కాటునకు గుఱియగుదురు. మన్నులో చేయిపెట్టిన తరువాత తగులునది మొద్దుతోకయో పింజరి తలయో కన్ను చెప్పజాలదు.

పురపాలక, తహశీలు కచేరీల పని

పందొమ్మిదవ శతాబ్దమున ప్రభుత్వములు చచ్చిన పాములకు బహుమానము లిచ్చి, పాముకాటు మరణములను తగ్గింపజూచినవి. అట్టి బహుమానపు పద్ధతికి సహజమైన లోపమొకటి కలదు. పట్టుటకు సులువైనవి విషములేని పాములు; లెక్కలో పెరుగునవియు అవే. ఎలుకలను తిను పాము పోయినచో ఎలుక పెరుగును, ఎలుకవెంట నాగుపాము వచ్చును. వానకాలమున ఎలుకమూత్రము కలిసిన నీటివలన పొలపుకూలీలకు కలుగు లెప్టోస్పైరోసిస్ అను జ్వరమును గూడ ఇచ్చట స్మరింపవలయును.

కావున పురపాలక సంఘమువారి మొదటిపని చెత్త. ఇండ్లప్రక్క ఇటుకరాసులు, కట్టెలమోపులు, కంపకుప్పలు తొలగింపబడవలయును. వీధిదీపము లేనిచోట, ముఖ్యముగా బహిర్భూమికి పోవు త్రోవలలో, దీపములు పెట్టింపవలయును. కూలివారి పాకలలో మంచమును దోమతెరయు కట్లపాము కాటును చాలవఱకు నివారించును. వేరుసెనగ కోతదినములందు పాదరక్షలును, రాత్రి నడకకు చేతిదీపమును పింజరి కాటును నివారించును. పాము కనబడెనని వార్త వచ్చినపుడు దానిని కొట్టించుటకు కూలివానిని పంపరాదు. జనులను దూరముగా నిలిపి, అటవీశాఖవారికి తెలియజేసి, పాములను పట్టుటలో శిక్షణ పొందినవానిని రప్పింపవలయును. ఆరోగ్యకేంద్రమున సీరపు సీసాలెన్ని యున్నవి, వాని గడువెప్పుడు తీఱును, జిల్లా వైద్యశాలకు వాహనమెంతసేపటిలో దొరకును అను మూడు సంగతులను జూను నెల రాకముందే తహశీల్దారులు తెలిసికొనియుండుట యుక్తము. రాత్రివేళ కాటుతో వచ్చినవానిని చూచి మందు లేదని తెలిసికొనుటకంటె, వేసవిలో తెలిసికొనుట మేలు.

కేంద్ర ఆరోగ్యమంత్రిత్వశాఖ 2024వ సంవత్సరము నవంబరు నెలలో, పాముకాటు రోగులను మరణములను తప్పక తెలుపవలసిన వ్యాధుల పట్టికలో చేర్పవలసినదిగా రాష్ట్రములకు వ్రాసినది. లెక్కలు నమోదుచేయు గుమాస్తాలు పాము పేరు వ్రాయు గడిలో బంధువులు చెప్పిన మాటను నిజముగా వ్రాయుచుందురు. పామును వైద్యుడో శిక్షణ పొందినవాడో స్వయముగా చూచి, లేక దూరమునుండి తీసిన ఛాయాపటమును చూచి గుర్తించిననే పేరు వ్రాయవలయును. లేనియెడల తెలియదని వ్రాసి, వాపు, రక్తస్రావము, ఱెప్పలు వాలుట, రక్తపరీక్షాఫలితము అనువానిని పూర్తిగా నింపవలయును.